గ్యాపులు తీసేసిన పాఠం

నేను పెళ్ళి వీడియోలు తీసేవాణ్ణి. అలాంటివాణ్ణి పిలిచి లెక్కల పాఠాలు తియ్యమనడం కాలేజీవాళ్ళ పొరపాటు. సరేననడం నా పొరపాటు. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నా పొరపాటు మాత్రం నాకు తగలకుండా మా చెల్లెలికి తగిలింది. ఆ సంగతి ఇన్నాళ్ళూ బయట ఎవరికీ చెప్పలేదు.

మాది విజయవాడ వన్ టౌన్. నాన్న బుక్ బైండర్. ప్రెస్సుల్లో అచ్చయిన పెద్ద పెద్ద కాగితాలు, వాటిని ఫారాలంటారు, రిక్షాల్లో మా ఇంటికి వచ్చేవి. పేజీల వరస తప్పకుండా వాటిని మడిచి, కుట్టి, అట్ట వేసి వెనక్కి పంపాలి. మా ఊళ్ళో అచ్చయ్యే గైడ్లు ఎక్కడెక్కడి పిల్లలో చదివి పాసయ్యేవాళ్ళు. మడిచేది మాత్రం మా వీధిలోని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. నాకు ఆ పనిలో చెయ్యి తిరగలేదు. నేను మడిస్తే పదహారో పేజీ తర్వాత ముప్పయ్యో పేజీ వచ్చేది. నాన్న రెండుసార్లు తిట్టి, మూడోసారి దండం పెట్టి, నన్నొక వీడియో స్టూడియోలో చేర్పించాడు.

తొంభైల నాటి మాట. వీడియో లేని పెళ్ళి పెళ్ళే కాదన్న రోజులవి. ముందు లైటు పట్టాను, తర్వాత కెమెరా పట్టాను, కంప్యూటర్లు వచ్చాక మిక్సింగ్‌లో కూర్చున్నాను. మిక్సింగంటే ఏడు గంటల పెళ్ళిని మూడు గంటలకు తేవడం, వెనకాల సన్నాయి కలపడం, పెళ్ళికూతురు ముఖం తామరపువ్వులోంచి విచ్చుకునేట్టు చెయ్యడం. పని నేర్పిన పెద్దాయన నాకు ఒకే ఒక్క సూత్రం చెప్పాడు. “తెర మీద ఎవడో ఒకడు ఏదో ఒకటి చేస్తుండాల్రా. ఊరికే నిలబడ్డ మనిషి కనపడ్డాడా, కోసెయ్.” అలాంటి చోట్లను మేం గ్యాపులనేవాళ్ళం. పురోహితుడు తర్వాత మంత్రం కోసం తడుముకుంటే గ్యాపు. పెళ్ళికొడుకు చెమట తుడుచుకుంటే గ్యాపు. మా నికాల్లో అయితే ఖాజీగారు కళ్ళజోడు వెతుక్కుంటే గ్యాపు. గ్యాపులు తియ్యడంలో నాకు గన్నవరం దాకా పేరు వచ్చింది. నా క్యాసెట్ పెడితే ముసలమ్మలు కూడా మధ్యలో లేవరని చెప్పుకునేవాళ్ళు. నేను పొంగిపోయేవాణ్ణి.

చెల్లెలు నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడుకుంటాం. కానీ ఆమె చదివింది తెలుగు మీడియం కావడంతో, చదువు మాట వస్తే చాలు, ఇద్దరం మాకు తెలియకుండానే తెలుగులోకి దిగేవాళ్ళం. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి నుంచే ఆమెకు టీచర్ కావాలని. సాయంత్రం పూట మా గుమ్మం మెట్ల మీద వీధి పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేది. తప్పు చెప్పినవాణ్ణి కొట్టేది కాదు, “మళ్ళీ మొదట్నించి రా” అనేది. ఆ మాట టీచర్లందరి నోటా రాదని నాకు తర్వాత తెలిసింది.

టీచర్ ట్రైనింగ్‌కి వెళ్ళాలంటే ముందు ఇంటర్ పాసవ్వాలి. లెక్కల మీద ఇష్టంతో ఎంపీసీ తీసుకుంది. రెండో ఏడాది వాళ్ళ కాలేజీలో లెక్కల లెక్చరర్ పోస్టు ఖాళీ. ఎవరో వస్తారన్నారు, రాలేదు. దసరా దాటాక ఫిజిక్స్ మేడమ్ జాలిపడి కొన్ని చాప్టర్లు చెప్పిందిగానీ, తనకే సరిగా రాదని ఆవిడే ఒప్పుకునేది. అన్నీ పాసై ఆ ఒక్క లెక్కల పేపర్లో మా చెల్లెలు పోయింది. సప్లిమెంటరీలోనూ పోయింది. నాన్న తిట్టలేదు. “వచ్చే మార్చికి మళ్ళీ రాయి బేటీ. అప్పటిదాకా నీకు ఫారాల పని చెప్పను,” అన్నాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక మనిషి పని వదులుకోవడమంటే అది మామూలు మాట కాదు. ఆమెకూ అది తెలుసు.

సరిగ్గా అప్పుడే నాకు పిలుపొచ్చింది. మా ఊళ్ళో రెసిడెన్షియల్ కాలేజీలకు కొదవ లేదు కదా. వాటిలో ఒక దాని చైర్మన్‌గారి అబ్బాయి పెళ్ళి నేనే తీశాను. ఆ వీడియో ఆయనకు తెగ నచ్చింది. తన గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, గోడ మీది జిల్లా మ్యాపు చూపించాడు. తన బ్రాంచీలున్న ఊళ్ళకు ఎర్ర గుండుసూదులు గుచ్చి ఉన్నాయి.

“ఇన్ని ఊళ్ళకి మంచి లెక్చరర్లని ఎక్కడ తెస్తానయ్యా? మన దగ్గర లెక్కలు చెప్పే సారు ఉన్నారు, అంతటి మనిషి ఈ చుట్టుపక్కల లేడు. ఆయన్ని ఒక్కసారి నువ్వు పట్టావనుకో, ప్రతి ఊళ్ళోనూ ఆయనే పాఠం చెప్తాడు. ఇవాళ సీడీ. రేపు డిష్షు పెట్టి నేరుగా పంపుతాం. ఎల్లుండి పిల్లాడు ఇంట్లో మంచం మీద పడుకుని వింటాడు. చదువంటే ఇక ఇదేనయ్యా!”

ఆ మాటలు విని నాకు ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు వెటకారంగా చెబుతున్నానుగానీ అప్పుడు నిజంగానే పులకరించింది. లెక్చరర్ లేక చెడిపోయిన చదువు మా ఇంట్లోనే ఉందాయె. ప్రతి పాఠానికి ఒక కాపీ మా చెల్లెలికి ఇవ్వాలని అడిగాను. ఆయన నవ్వి, ఒకటేం, రెండు తీసుకో అన్నాడు.

లెక్కల సారు దివిసీమ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన మనిషి. యాభై దాటిన వయసు, తెల్ల చొక్కా, మోచేతుల దాకా సుద్దపొడి. గుణదలలో ఉండేవారు. పొద్దున్నే ఇంటి వరండాలో ఓ పదిమంది పిల్లలకు ట్యూషన్ చెప్పి కాలేజీకి వచ్చేవారు. మొదటి రోజే పేచీ పెట్టారు. “ఖాళీ గదికి నేను పాఠం చెప్పలేనండీ. పిల్లలుండాలి. తెలివైనవాళ్ళే అక్కర్లేదు, మామూలు పిల్లలుండాలి.” హాస్టల్లో సెలవులకు ఇంటికి వెళ్ళని పిల్లల్ని పదిహేను మందిని తెచ్చి ముందు కూర్చోబెట్టారు. కెమెరా వాళ్ళ వెనక పెట్టాను. మైకు ఒకటే ఉంది, అది సారు జేబుకు తగిలించాను.

ఆయన పాఠం చెప్పే పద్ధతి నాకు రెండో రోజుకే చిరాకు తెప్పించింది. ఒక ప్రశ్న అడుగుతారు. సుద్దముక్క బల్ల మీద పెడతారు. జేబురుమాలు తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటారు. ఆ తర్వాత ఊరికే నిలబడతారు. పిల్లల ముఖాలు ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తుంటారు. అర నిమిషం, నిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు. ఎవరైనా తప్పు చెబితే “ఎందుకనుకున్నావు నాన్నా?” అని అడిగి మళ్ళీ నిలబడతారు. ఎవరూ చెప్పకపోతే అదే సంగతి ఇంకో దారిలో మొదలుపెడతారు. నేను కెమెరా వెనక కాళ్ళు మార్చుకుంటూ, ఈయన్ని కోయడానికే నాకు నెల పడుతుంది దేవుడా అనుకునేవాణ్ణి.

అన్నట్టే కోశాను. ఒక సీడీలో రెండు పాఠాలు పట్టాలని కాలేజీవాళ్ళ షరతు. నేను ఎక్కడా ఇబ్బంది పడలేదు. సారు నిలబడ్డ చోటల్లా తీసేశాను. పిల్లల జవాబులు మైకులో సరిగ్గా పడలేదు కాబట్టి వాటినీ తీసేశాను. చెప్పిందే ఇంకో రకంగా చెప్పిన చోట, ఒకసారి చెప్పారు కదా అని రెండోది తీసేశాను. మిగిలింది కుట్టేస్తే పాఠం పరుగులు పెట్టింది. “ఎంత?” అంటారు సారు. మరుక్షణం “శభాష్! అదీ!” అంటారు. మళ్ళీ “ఎందుకని?” అంటారు. “కరెక్ట్!” అంటారు. అధ్యాయం మారినప్పుడల్లా సారు గులాబీలోంచి విచ్చుకునేట్టు చేశాను, వెనకాల వీణ పెట్టాను. కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది నా వ్యవహారం.

గన్నవరం దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో సీడీలు విడుదల చేశారు. పెద్ద తెర మీద మొదటి పాఠం వేస్తే చప్పట్లు కొట్టారు. అయిపోయాక సారు నా దగ్గరికి వచ్చారు.

“బాబూ, నేను ఇంత తొందరగా చెప్తానా?” అన్నారు.

మెచ్చుకుంటున్నారనుకుని, “అంతా మిక్సింగ్ మహిమండీ,” అన్నాను.

“మరి పిల్లలకి ఆలోచించుకునే టైమేదీ ఇందులో?”

“రిమోట్ ఉంటుంది కదండీ. ఎక్కడ కావాలంటే అక్కడ పాజ్ నొక్కుకుంటారు.”

“ఎక్కడ ఆగాలో తెలిసినవాడికి నా పాఠం అక్కర్లేదు బాబూ,” అన్నారు. ఆయనకు కోపం రాలేదు, గొంతు కూడా పెరగలేదు. మరో పెద్దమనిషి వచ్చి ఆయన మెడలో దండ వేశాడు. పెద్దవాళ్ళు కొత్తది వస్తే ఏదో ఒకటి అంటారులే అనుకుని నేను భోజనాల వైపు నడిచాను.

బ్రాంచీల్లో టీవీలు బిగించే పని కూడా నాదే. ఇబ్రహీంపట్నంలో బిగించిన రోజు, రాష్ట్రానికంతా కరెంటు పంపే ఊళ్ళో సరిగ్గా పాఠం మధ్యలో కరెంటు పోయింది. పిల్లలు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. కరెంటు వచ్చాక పాఠం మళ్ళీ మొదలైంది. రెండో వరసలో ఒక ఆడపిల్ల అలవాటు కొద్దీ టీవీ వైపు చెయ్యెత్తింది. సారు ఆగకుండా చెప్పుకుపోతున్నారు. ఆ పిల్ల చెయ్యి కొద్దిసేపు అలాగే ఉంచి, అటూ ఇటూ చూసి దించేసింది. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. ఇంటికొచ్చి ఆ ముచ్చట చెల్లెలికి చెప్పి మరీ నవ్వించాను.

చెల్లెలికి సీడీలు తెచ్చిచ్చిన రోజు మా ఇంట్లో పండగే. ప్లేయరు పెట్టాను, నాన్న కూడా పని ఆపి వచ్చి కూర్చున్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, లెక్కల సంగతి సరేసరి. అయినా గులాబీలోంచి సారు రాగానే “మాషా అల్లా” అన్నాడు. ఊళ్ళో పెద్ద పెద్దవాళ్ళు పిల్లల్ని చేర్పించడానికి సిఫార్సులు పట్టుకుని తిరిగే మనిషి మా ఇంట్లో, మా టీవీలో, మా చెల్లెలి కోసం పాఠం చెబుతున్నాడు. అంతకన్నా ఏం కావాలి?

పదిహేను రోజులకు చెల్లెలు ఒక మాట అడిగింది.

“భయ్యా, సారు గుణదలలో ట్యూషన్ చెప్తారటగా. నేను అక్కడికే వెళ్ళనా? పొద్దున ఆరింటికట. నువ్వు బండి మీద దింపితే చాలు, వచ్చేటప్పుడు బస్సులో వచ్చేస్తా.”

“ఆయనే ఇంట్లో ఉంటే గుణదల ఎందుకే? అక్కడికెళ్తే ఒక్కసారే చెప్తాడు, ఇక్కడైతే నువ్వు వందసార్లు చెప్పించుకోవచ్చు.”

“వందసార్లు వేసినా అదే మాట చెప్తున్నారు భయ్యా.”

“మరి పాఠం రోజుకో రకంగా ఉంటుందా?”

ఆమె నోటుబుక్కు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే నేను పాఠం గురించి ఆలోచించి కాదనలేదు. పెళ్ళిళ్ళ సీజను. తెల్లవారకముందే లేచి గుణదల దాకా బండి నడపడానికి నాకు బద్ధకం. నేను చేసిన సీడీ చాలదనడం కొంచెం అవమానంగానూ తోచింది. ఆ రెండూ పైకి చెప్పకుండా ఇంత పెద్ద కబుర్లు చెప్పాను.

ఆ చలికాలమంతా ఆమె టీవీ ముందు నోటుబుక్కు పెట్టుకుని కూర్చోవడం నాకు గుర్తుంది. సారు “ఎంత?” అనగానే పెన్ను కాగితం మీద పెట్టేది. పెట్టీ పెట్టగానే “శభాష్!” వినపడేది. ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిప్పేది. మళ్ళీ “ఎంత?” మళ్ళీ “శభాష్!” పాజ్ నొక్కేదిగానీ, నొక్కాక ఏం చెయ్యాలో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఆగిన బొమ్మలో సారు నోరు తెరుచుకుని ఉండేవారు. ఆ ముఖం చూసి ఎవరికైనా లెక్క తోస్తుందా? ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి అంది: “ఆ క్లాసులో పిల్లలు ఎంత తెలివైనవాళ్ళు భయ్యా. సారు అడగ్గానే చెప్పేస్తున్నారు. ఒక్కళ్ళు కూడా తప్పు చెప్పరు.”

“హాస్టల్ పిల్లలు కదా, రుద్దుతారు,” అన్నాను కూర కలుపుకుంటూ.

అప్పుడైనా నాకు తట్టలేదు. ఆ పిల్లల్ని అంత తెలివైనవాళ్ళను చేసింది నేనేనని, పదిహేను మంది మామూలు పిల్లల తడబాట్లన్నీ కోసి అవతల పారేసిన చెయ్యి అప్పుడు అన్నం కలుపుతోందని తట్టలేదు.

మార్చిలో పరీక్ష రాసింది. పాసవడానికి ఇరవై ఆరు మార్కులు కావాలి, ఇరవై రెండు వచ్చాయి. సంభావ్యత చాప్టర్ నుంచి ఏడు మార్కుల లెక్క ఒకటి వచ్చిందట. దాన్ని ముట్టుకోలేదని తర్వాత చెప్పింది. ఎందుకు ముట్టుకోలేదే అంటే, “చూడగానే రాలేదు. చూడగానే రానిది ఇక రాదు కదా,” అంది. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నేను అడగలేదు.

నాన్న ఇంకో ఏడాది రాయమన్నాడు. బతిమాలాడు కూడా. ఆడపిల్లల చదువు గురించి మా వాళ్ళలో ఎవరేమనుకున్నా ఆయన పట్టించుకునే మనిషి కాదు. ఆమే ఒప్పుకోలేదు. “అంత గొప్ప సారు ఇంటికొచ్చి చెప్పినా నాకు ఎక్కలేదు అబ్బా. నాకే లేదు, ఇంకెవరేం చేస్తారు?” అని నాన్నతో ఉర్దూలో అంది. చదువు గురించి ఆమె ఉర్దూలో మాట్లాడటం నేను వినడం అదే మొదలు. మర్నాడు పొద్దున నాన్న పక్కన చాప మీద కూర్చుని ఫారాలు మడవడం మొదలుపెట్టింది. సాయంత్రాలు మెట్ల మీదికి వచ్చే పిల్లలకు, తలనొప్పిగా ఉందని చెప్పి పంపేసింది. కొన్నాళ్ళకు వాళ్ళు రావడం మానేశారు.

ఏళ్ళు గడిచాయి. చెల్లెలి చేతికింద నుంచి ఎన్ని లెక్కల గైడ్లు వెళ్ళాయో. ఒక్క పేజీ కూడా చదివేది కాదు, కింద ఉన్న నంబరు మాత్రం చూసి మడిచేది. నాకు ఆమెను చూస్తే బాధగానే ఉండేది. పాపం, దాని రాత అంతే అనుకునేవాణ్ణి. అలా అనుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

లెక్కల సారును ఆ తర్వాతి ఏడాది కాలేజీవాళ్ళు వారానికి రెండు రోజులు వస్తే చాలన్నారు, డౌట్లు చెప్పడానికి. ఆ పై ఏడాది ఆ రెండు రోజులూ అక్కర్లేదన్నారు. పాఠాలన్నీ సీడీల్లో ఉన్నాయి కదా. ఆయన వరండా ట్యూషన్ చెప్పుకుంటూ ఉండిపోయారని విన్నాను. ఓసారి మేరీమాత ఉత్సవాలు షూట్ చెయ్యడానికి గుణదల వెళ్ళినప్పుడు ఆయన ఇంటి ముందు నుంచే వెళ్ళాను. పలకరించాలనిపించింది. జనంలో బండి ఆపడం కష్టమని ఆపలేదు.

రెండు వేల తొమ్మిదిలో అనుకుంటాను, ఒక పెళ్ళివారు వచ్చారు. ఆ పెళ్ళి నేను తీసి ఏడేళ్ళయింది. వాళ్ళ దగ్గరున్న క్యాసెట్‌కి బూజు పట్టిందట, డీవీడీ చేసి ఇమ్మన్నారు. ఆ పెళ్ళిలో అక్షింతలు వేసిన తాతగారు పోయారు, ఆయన్ని చూడాలని ఇంటిల్లిపాదికీ ఉంది. మా వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళివారి అసలు క్యాసెట్లు చెరపం. ఎవరో ఒకరు పోతారు, వాళ్ళు నవ్విన ముక్క కోసమో నడిచిన ముక్క కోసమో ఎప్పుడో ఒకప్పుడు మనుషులు వస్తారు. అందుకని పెళ్ళి క్యాసెట్లన్నీ ఇనప బీరువాలో దాస్తాను. పాఠాల క్యాసెట్లు మాత్రం దాచలేదు. సీడీ చేసి ఇచ్చేశాక వాటికోసం ఎవరొస్తారు? ఒక్కొక్కటీ తీసి కొత్త పెళ్ళిళ్ళకు వాడేసుకున్నాను.

ఈ పెళ్ళి క్యాసెట్ మధ్యాహ్నం పూట ప్లేయర్లో పెట్టి కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నాను. అప్పగింతలు అయ్యాయి, కారు వెళ్ళిపోయింది, తెర నల్లగా అయింది. ఆపబోతుంటే మళ్ళీ బొమ్మ వచ్చింది. నల్లబల్ల, తెల్ల చొక్కా, లెక్కల సారు.

అప్పుడు గుర్తొచ్చింది. షూటింగ్ చివరి రోజు క్యాసెట్ అయిపోతే సంచిలో ఉన్న పెళ్ళి క్యాసెట్ చివర ఖాళీ ఉందని అందులో తీశాను. ఆ పాఠం చివరి ఇరవై నిమిషాలు కోత పడకుండా మిగిలిపోయాయి.

రెండు పాచికల లెక్క. రెండూ కలిపి ఏడు పడే సంభావ్యత ఎంత అని అడిగారు సారు. సీడీలో ఇది నాకు బాగా తెలుసు: “ఎంత?” “శభాష్! అదీ!” ఇక్కడ మాత్రం శభాష్ రాలేదు. సుద్ద కింద పెట్టారు, వేళ్ళు తుడుచుకున్నారు, నిలబడ్డారు. ఫ్యాను చప్పుడు. ఎవరో దగ్గారు. ఎక్కడో దూరంగా ఒక కుర్రాడి గొంతు, పన్నెండింట ఒకటి అని. “ఎందుకనుకున్నావు నాన్నా?” అన్నారు సారు. వాడు చెప్పలేకపోయాడు. సారు ఏమీ తొందరపడకుండా ఒకటీ ఆరూ, రెండూ అయిదూ అంటూ బల్ల మీద జతలు రాయడం మొదలుపెట్టి, సగంలో ఆపి, మళ్ళీ వాళ్ళ వైపు తిరిగి నిలబడ్డారు. ఇంకో గొంతు తప్పు చెప్పింది. మూడోది కూడా తప్పే. శభాష్ అనేసరికి గడియారం చూసుకున్నాను, నాలుగు నిమిషాలు దాటింది. ఆ నాలుగు నిమిషాలే పాఠం. నేను మా చెల్లెలికి ఇచ్చింది దాని అటు చివరా ఇటు చివరా.

నేను కుర్చీలో కూర్చుని ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడే బండి వేసుకుని గుణదల వెళ్ళాను. ఏం చెబుదామనుకున్నానో నాకే తెలియదు. వరండాలో ఎవరివో సైకిళ్ళున్నాయి. వేరే వాళ్ళు అద్దెకుంటున్నారు. సారు పోయి రెండేళ్ళయిందని చెప్పారు.

ఆ వారంలోనే ఇద్దరు కుర్రవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. పాఠాలు ఇంటర్నెట్లో పెడతారట, ఎక్కడివాళ్ళైనా చూసుకోవచ్చట. మంచి పిల్లలే, కళ్ళలో మెరుపుంది, చైర్మన్‌గారి గదిలో నా కళ్ళలో ఉన్నటువంటిదే. మొదటి ప్రశ్నే, “గ్యాపులన్నీ తీసేసి షార్ప్‌గా ఇవ్వగలరా అన్నా?” అని. గ్యాపులుంటేనే చేస్తానన్నాను. వాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, మళ్ళీ ఫోన్ చేస్తామని వెళ్ళిపోయారు. చెయ్యలేదు.

చెల్లెలికి చెప్పాలా వద్దా అని నెలరోజులు నాలో నేనే తన్నుకున్నాను. చెప్పకపోతే దానికి పోయేదేముంది, అలవాటైపోయింది కదా అని ఒక మనసు. అలవాటైంది నాకు, దానికి కాదు అని ఇంకో మనసు. చివరికి ఒక మధ్యాహ్నం ఆమె అన్నం క్యారియర్ తెచ్చినప్పుడు, “ఒక్క నిమిషం కూర్చోవే,” అన్నాను.

“ఫారాలున్నాయి భయ్యా, సాయంత్రానికి ఇవ్వాలి.”

“ఒక్క లెక్కే.”

తెర మీద సారును చూడగానే ఆమె ముఖం మారింది. లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. చివరి లెక్క వేశాను. సీడీలో చోటు చాలక దాన్ని మొత్తంగా వదిలేశాను, కాబట్టి ఆమె ఎప్పుడూ చూడనిది.

“సంచిలో మూడు ఎర్ర బంతులు, రెండు తెల్ల బంతులు ఉన్నాయి,” అన్నారు సారు. “చూడకుండా ఒకటి తీశాను. ఎర్రది వచ్చింది. దాన్ని మళ్ళీ సంచిలో వెయ్యలేదు. ఇప్పుడు ఇంకోటి తీస్తే అది కూడా ఎర్రదయ్యే సంభావ్యత ఎంత?”

సుద్ద కింద పెట్టారు. వేళ్ళు తుడుచుకున్నారు.

“ఆగిపోయిందా భయ్యా?” అంది చెల్లెలు.

“లేదు. చూడు.”

ఆమె చూసింది. సారు నిలబడే ఉన్నారు. మొదట ఆమె కళ్ళు “శభాష్” కోసం బిగుసుకుని ఉన్నాయి, అది రాలేదు. మెల్లగా భుజాలు కిందికి దిగాయి. ఒళ్ళో ఉన్న చేతివేళ్ళు కదిలాయి, ఒకటి మడిచి, మిగతావి లెక్కపెట్టినట్టు. తెర మీద ఇంకా ఎవరూ పలకలేదు.

“సగం,” అంది చిన్నగా. “నాలుగు మిగిలాయి, అందులో రెండు ఎర్రవి. సగం.”

కాసేపటికి తెర మీద ఒక ఆడపిల్ల గొంతు లీలగా వినపడింది, అయిదింట మూడు అని. “ఎందుకమ్మా?” అన్నారు సారు. “తీసింది మళ్ళీ వేశామా?” అని మళ్ళీ నిలబడ్డారు.

చెల్లెలు నా వైపు తిరిగింది. “ఆ అమ్మాయికి రాలేదేం?”

“చాలామందికి వచ్చేది కాదు. సారు ఆగేవారు. తప్పు చెప్పనిచ్చేవారు. అదంతా నేనే కోసేశాను. పెళ్ళి వీడియోల్లో కోస్తాను కదా, అలాగే కోసేశాను.”

తెర మీద ఎవరో సరైన జవాబు చెప్పారు, సారు శభాష్ అన్నారు, క్యాసెట్ అయిపోయింది. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“అయితే నాకు వచ్చేదన్నమాట,” అంది, తెలుగులో.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది.

“సాయంత్రం ఫారాలు రేపు ఇస్తానని చెప్తాలే భయ్యా. మిగతా పాఠాలు వెయ్యి.”